దోమల పాఠం చెప్పబోయే నా శిష్యురాలికి

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

పాలమూరులో డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగంలో చేరావని తెలిసి చాలా సంతోషించాను. కీటకాల ద్వారా వచ్చే జబ్బుల పాఠం నీకే అప్పగించారని, పరిశోధన కూడా ఆ విషయంలోనే చేయాలని ఉందని రాశావు. ఎక్కడ మొదలుపెట్టాలి మేడం అని అడిగావు. నీళ్ల దగ్గర మొదలుపెట్టు. పుస్తకం, ప్రొజెక్టర్, ఖరీదైన పరికరాలు అన్నీ ఆ తర్వాతే. నీ కళాశాల చుట్టుపక్కల నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తాయి, ఎన్నాళ్లు నిలుస్తాయి, ఎవరు ఎందుకు నిల్వ చేసుకుంటారు అన్నవి తెలిస్తే ఏ ఊరికి ఏ జ్వరం ఎందుకు వస్తుందో నీకే తెలుస్తూ వస్తుంది.

మన జిల్లాల్లో నీటి కథ ఊరికో తీరుగా ఉంటుంది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మెట్ట భూములు వరి మడులయ్యాయి. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో తరాలకు తరాలు కుంగిపోయాయి. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ మన పల్లెల పక్క నుంచి పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మీ వైపు జూరాల, కోయిల్‌సాగర్ ఆయకట్టు ఒక పక్కన ఉంటే, వానను నమ్ముకున్న ఎర్ర నేలలు ఇంకో పక్కన ఉన్నాయి. ఈ ఒక్కో నీటిని ఒక్కో దోమ ఎంచుకుంది. వరి మడిలో, కాలువ పక్క ఊట గుంటల్లో అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ పెరుగుతుంది. పల్లెల్లో మలేరియాను మోసేది ముఖ్యంగా ఇదే. అదే మడిలో క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ కూడా ఉంటుంది. కొంగల్లో, పందుల్లో ఉండే, మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌ను పసిపిల్లల దాకా తెచ్చేది అది. మురుగు కాలువలో క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్ పుట్టి బోదకాలు పురుగును మోస్తుంది. పట్నం బావుల్లో, ఇంటి మీది ట్యాంకుల్లో అనాఫిలిస్ స్టీఫెన్సై పెరుగుతుంది. ఇంట్లో దాచుకున్న మంచి నీళ్లలో ఈడిస్ ఈజిప్టై పుట్టి డెంగీని, చికున్‌గున్యాను ఇస్తుంది.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగు. దోమ అంటే మురికి, మురికి అంటే జబ్బు అని పిల్లలు చిన్నప్పటి నుంచి విని ఉంటారు. డెంగీ విషయంలో అది పొరపాటు. శుభ్రంగా ఊడ్చి, అలికి, ముగ్గు పెట్టిన వాకిట్లో, మూత లేని గాబులోనే ఈడిస్ ఉంటుంది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో, ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి తాగి భయపడిన ఊళ్లో, మంచి నీళ్లు దొరికినప్పుడే డ్రమ్ములు, గోలేలు నింపి పెట్టుకోవడం తప్పు కాదు, అవసరం. ఆ అవసరం లోపలే ఈ జబ్బు ఉంది. ఈ సంగతి తలకెక్కిన విద్యార్థి రేపు ఏ ఇంటికి వెళ్లినా ఆ ఇంటి ఇల్లాలిని నిందించడు. నువ్వు చెప్పే పాఠాలన్నింటిలోకీ నాకు ముఖ్యమనిపించేది ఇదే.

మొదటి తరగతికి నల్లబల్ల మీద జబ్బుల పట్టిక రాయకు. రెండు గాజు గిన్నెల్లో నీళ్లు తీసుకెళ్లు. ఒకదాంట్లో పొలం గుంట నుంచి తెచ్చిన అనాఫిలిస్ లార్వాలు, అంటే గుడ్డు పొదిగి వచ్చిన దోమ పిల్లలు, ఇంకోదాంట్లో తొట్టి నుంచి తెచ్చిన ఈడిస్ లార్వాలు ఉండాలి. ఏమీ చెప్పకుండా పిల్లలను చుట్టూ నిలబెట్టి, తేడా మీరే చెప్పండి అను. కాసేపటికి ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఒక గిన్నెలోవి నీటి పైపొరకు ఆనుకొని అడ్డంగా పడుకొని ఉంటాయి, రెండో గిన్నెలోవి తోక పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతుంటాయి. అనాఫిలిస్‌కు ఊపిరి గొట్టం లేదు కాబట్టి ఒళ్లంతా పైపొరకు ఆనించాలి. ఈడిస్‌కు, క్యూలెక్స్‌కు ఆ గొట్టం ఉంది కాబట్టి కొస ఒక్కటి పైకి పెడితే చాలు. తమ కళ్లతో చూసి చెప్పిన తేడాను వాళ్లు పరీక్ష అయ్యాక కూడా మరచిపోరు. తర్వాత గుడ్లు చూపించు. క్యూలెక్స్ గుడ్లన్నీ ఒకదానికొకటి అంటుకొని తెప్పలా తేలతాయి. అనాఫిలిస్ గుడ్లు విడివిడిగా, రెండు పక్కల గాలి సంచులతో తేలతాయి. ఈడిస్ మాత్రం నీటిలో పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన తడి గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే తొట్టిలో నీళ్లు ఒంపేస్తే సరిపోదు, గోడను పీచుతో గట్టిగా రుద్దాలి. మన ఎండలకు గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికొకసారి నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే పాటించమని చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే. ఈ లెక్క తెలియకపోతే డ్రై డే కూడా గోడ మీది నినాదంగానే మిగిలిపోతుంది.

ఒక జాగ్రత్త చెబుతాను. తరగతికి తెచ్చిన గిన్నెలకు దోమతెర గుడ్డ కట్టి ఉండాలి. పని అయ్యాక ఆ నీళ్లను సింకులో పారబోయవద్దు, ఎండిన నేల మీద పొయ్యి, లేదా మరిగించి పారెయ్యి. మనం పెంచిన దోమ ఒక్కటి కూడా మన చేతి నుంచి బయటికి ఎగరకూడదు. మొదటి రోజే పిల్లలకు ఇది నియమంగా పెట్టు.

మలేరియాను దోమే మోస్తుందని చూపించిన రోనాల్డ్ రాస్ కథ ఎలాగూ చెబుతావు. అది మనకు ఎక్కడో జరిగిన కథ కాదు, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో జరిగింది. బేగంపేటలో ఆయన పని చేసిన భవనం ఉంది. మహబూబ్‌నగర్ నుంచి పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు, పిల్లలను తప్పకుండా తీసుకెళ్లు. అయితే ఆ కథను గొప్ప మనిషి గొప్ప రోజుగా చెప్పి ఊరుకోకు. అంతకుముందు చాలా కాలం ఆయన కోసి చూసినవన్నీ వేరే జాతి దోమలు. వాటిలో మనుషుల మలేరియా క్రిమి పెరగదు. చూపు బాగుంది, చేయి బాగుంది, ఓపికకు కొదవ లేదు, దోమే సరైనది కాదు. రెక్కల మీద మచ్చలున్న దోమలు, అంటే అనాఫిలిస్, చేతికి చిక్కాక 1897 ఆగస్టు 20న ఒకదాని కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి, అవే దోమలో పెరుగుతున్న మలేరియా క్రిములు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల దాకా ఎలా చేరుతుందో చూపించారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పురుగును సరిగ్గా గుర్తుపట్టడమే ఈ శాస్త్రానికి పునాది అని పిల్లలకు ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ కథలో ఇంకో మనిషి పేరు కూడా చెప్పు. హుసేన్ ఖాన్ అనే రోగి ఆ దోమలతో కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారు. ఈరోజు అలాంటి ప్రయోగానికి, పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఏ నైతిక సంఘమూ అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు. జ్వరంతో ఉన్న పేదవాడికి డబ్బు ఆశ చూపి తెచ్చుకున్న సమ్మతి సమ్మతేనా అని పిల్లలతో చర్చ పెట్టు. వాళ్లు కోపంగా మాట్లాడతారు, మాట్లాడనివ్వు. నువ్వు కూడా నీ పరిశోధనలో మనుషుల మీద వాలే దోమలను పట్టే పద్ధతి జోలికి పోకు. పిల్లలను కాళ్ల మీద దోమలు వాలేలా కూర్చోబెట్టే పని ఎవరు చెప్పినా ఒప్పుకోకు. కాంతి ఉచ్చులు ఉన్నాయి, కొట్టంలో గోడల మీద వాలిన దోమలను టార్చి వెలుగులో గొట్టంతో పీల్చి పట్టే పద్ధతి ఉంది, అవి చాలు. ఎవరి వేలి నుంచైనా రక్తపు చుక్క తీయాలంటే అది ఆరోగ్య శాఖ సిబ్బంది పని, అది కూడా నైతిక సంఘం రాతపూర్వక అనుమతితోనే.

ఇప్పుడు లెక్కల సంగతి. జంతుశాస్త్రం పిల్లలు లెక్కలంటే పారిపోతారు. ఈ పాఠంలో పారిపోనివ్వకు. మలేరియా రోగిని కుట్టిన దోమ వెంటనే ప్రమాదకరం కాదు. క్రిమి దాని కడుపులో పెరిగి, లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు పది పన్నెండు రోజులు కావాలి. అన్నాళ్లు బతికిన దోమే ఇంకొకరికి జబ్బు అంటిస్తుంది. వంద దోమలను తీసుకో. రోజూ నూటికి తొంభై బతికి ఉంటే పది రోజులకు సుమారు 35 మిగులుతాయి. రోజూ నూటికి ఎనభై బతికితే 11 కూడా మిగలవు. నూటికి డెబ్బై బతికితే మిగిలేది మూడు లోపే. రోజువారీ చావును కొద్దిగా పెంచితే చాలు, ముసలి దోమలు దాదాపు మాయమవుతాయి. రక్తం తాగి బరువెక్కిన దోమ పక్క గోడ మీద వాలి విశ్రాంతి తీసుకుంటుంది కాబట్టే గోడలకు మందు కొట్టడం పని చేసింది. దోమలన్నీ చావక్కర్లేదు, అవి ముసలివి కాకుండా చూస్తే చాలు. పిల్లల చేత కాగితం మీద ఈ లెక్క చేయించు. చివరి అంకె చూసినప్పుడు వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

ఆ వెలుగు చూశాక రెండో సగం కూడా చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై డీడీటీ అనే పురుగుమందు చల్లాక, 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. అందరూ పండుగ చేసుకున్నారు, నిఘా సడలింది, దోమలు మందుకు అలవాటు పడ్డాయి. 1976 వచ్చేసరికి కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. ఇప్పుడు దేశం 2030 నాటికి మలేరియాను తరిమేయాలని లక్ష్యం పెట్టుకుంది. కేసులు తగ్గిన జిల్లాలో పని చేయబోయే నీకు ఈ చరిత్ర తెలిసి ఉండాలి. జ్వరాలు తగ్గాయి కదా, ఇంకా ఈ దోమల పరిశోధన ఎందుకు అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు.

పరిశోధన గురించి. చిన్న ప్రశ్న ఎంచుకో, దాన్ని ఏడాది పొడవునా వదలకు. కొత్తగా చేరినవాళ్లు జన్యు పరీక్షలు చేసే పీసీఆర్ యంత్రం లేదే అని బాధపడతారు. నీకు ముందు కావలసింది లార్వాలను నీళ్లతో ముంచి తీసే ఒక గరిటె లాంటి డిప్పర్, మంచి టార్చి, పీల్చే గొట్టం, కళాశాలలో ఉన్న మైక్రోస్కోపు. ఉదాహరణకు ఇలా అడుగు. మీ పట్టణంలో ఒక బస్తీలో ఈడిస్ దోమలను నిజంగా పుట్టిస్తున్నవి ఏ పాత్రలు? లార్వాలు ఉన్న ఇళ్లెన్ని, పాత్రలెన్ని అని లెక్కపెట్టి నివేదికలు రాయడం మామూలే. కానీ లార్వాల్లో చాలా భాగం దోమ కాకముందే చస్తాయి. లార్వా తర్వాతిదైన ప్యూపా దశ దాకా వచ్చింది మాత్రం రెండు మూడు రోజుల్లో ఎగిరేదే. కాబట్టి ప్యూపాలను లెక్కపెట్టు. పది రకాల పాత్రల్లో నీళ్లున్నా దోమల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు రకాల నుంచే వస్తుంటాయి. అది సిమెంటు గాబా, కూలరా, పారేసిన టైరా, రోలా? ఏ నెలలో ఏది? ఇది తేలితే మున్సిపాలిటీ వాళ్లు వంద చోట్ల తిరగనక్కర్లేదు, ఆ రెండు రకాల మీద పడితే చాలు. ఇలాంటి జవాబు ఢిల్లీలో కూర్చున్నవాళ్లు ఇవ్వలేరు, ఆ బస్తీకి వారం వారం వెళ్లగలిగిన నువ్వే ఇవ్వాలి.

ఇంకో ప్రశ్న పల్లెలది. తెల్లవారుజామున పశువుల కొట్టంలోకి వెళ్లి గోడల మీద, కప్పు కింద వాలిన క్యులిసిఫేసిస్‌ను పట్టు. పైకి ఒకేలా కనిపించే ఈ దోమలో ఏ, బీ, సీ, డీ, ఈ అనే సోదర జాతులు ఉన్నాయి. బీ రకం ఎక్కువగా పశువుల రక్తమే తాగుతుంది, మలేరియాను పెద్దగా మోయదు. ఒక ఊళ్లో క్యులిసిఫేసిస్ కుప్పలు తెప్పలుగా ఉండి జ్వరాలు లేకపోవడానికి ఇదొక కారణం. సగం గుడ్లతో ఉన్న ఆడదోమ అండాశయంలోని పెద్ద క్రోమోజోములను చూసి వీటిని వేరు చేయవచ్చు. ఆ పని నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. పుదుచ్చేరిలో భారత వైద్య పరిశోధన మండలి నడిపే వెక్టార్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌ను అడుగు, అక్కడ కీటక శాస్త్రంలో పీజీ కోర్సు కూడా ఉంది. నీ విద్యార్థుల్లో మంచి చేయి ఉన్నవాళ్లను ఆ వైపు పంపు. మన జిల్లాల పిల్లలకు ఇలాంటి చదువు ఒకటి ఉందని చెప్పేవాళ్లే లేరు.

గుర్తుపట్టిన ప్రతి జాతి నుంచి కొన్ని దోమలను సూదికి గుచ్చి, చీటీ రాసి దాచు. పట్టిన తేదీ, ఊరు, వాడ, చోటు, వేళ, పట్టినవారి పేరు చీటీ మీద పెన్సిల్‌తో ఉండాలి, సిరా తడికి చెరిగిపోతుంది. ఫోనులో ఫొటో ఉంది కదా అని సరిపెట్టుకోకు. పదేళ్ల తర్వాత ఎవరైనా నీ గుర్తింపును సందేహిస్తే తెరిచి చూపడానికి ఆ దోమ ఉండాలి.

ఇళ్లలోకి వెళ్లడం వేరే విద్య. పంచాయతీ కార్యదర్శికి ముందే చెప్పు, ఆశా కార్యకర్తను వెంట తీసుకో. ఆమెను దారి చూపడానికే పరిమితం చేయకు, ఊరి జ్వరాల సంగతి నీకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు, నీ పత్రంలో ఆమె పనిని గుర్తించు. ఇంట్లో నీళ్లు పట్టేది, కాచేది, మోసేది ఆడవాళ్లే కాబట్టి వాళ్లను అడుగు. నీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయి, ఎంతసేపు వస్తాయి, ఏ డ్రమ్ము ముందు వాడతారు, ఏది అత్యవసరానికి ఉంచుతారు అని నెమ్మదిగా కనుక్కో. అత్యవసరానికి ఉంచిన డ్రమ్ములోనే లార్వాలు ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే దాన్ని ఎవరూ కదిలించరు. లార్వాలు కనిపించగానే ఆ నీళ్లను వాళ్ల కళ్ల ముందే బోర్లించకు. ఆ నీటి కోసం ఆమె ఎంతసేపు నిలబడిందో నీకు తెలియదు. పాత ధోవతి గుడ్డతో వడకట్టి చూపించు, తొట్టి గోడ రుద్దించు, నీళ్లు తిరిగి పొయ్యి, నోటికి గుడ్డ కట్టించు. గుడ్డలో కదిలే పురుగులను ఆ ఇంటి పిల్లలు చూస్తే చాలు, మిగతా వాడంతా వాళ్లే చెప్పేస్తారు.

సర్వేలు తరచుగా ఊరి నడి వీధిలోనే ఆగిపోతాయి. ఎస్సీ కాలనీకి, తండాకు, ఇటుక బట్టీల గుడిసెలకు, కట్టడం దగ్గర వేసుకున్న రేకుల షెడ్లకు పోవు. జబ్బు ముందు పోయేది అక్కడికే. పాలమూరు కూలీలు దేశమంతా వలస పోయి వస్తారు. ఒకరు ఎక్కడో కట్టడం పనిలో మలేరియా తెచ్చుకొని ఊరికి వస్తే, ఊళ్లో దోమ సిద్ధంగానే ఉంటుంది. నీ నమూనాలో ఆ ఇళ్లు లేకపోతే నీ అంకెలు ఎంత చక్కగా ఉన్నా అవి ఆ ఊరివి కావు. ఈ విషయంలో రాజీ పడకు బిడ్డా, నేను గట్టిగానే చెబుతున్నాను.

బోదకాలు గురించి కొంచెం ఎక్కువ రాయాలని ఉంది, ఎందుకంటే మన నల్లగొండలో ఇది ప్రతి ఊరికీ తెలిసిన బాధ. పాఠ్యపుస్తకంలో బోదకాలు పురుగు ఉచరేరియా బాంక్రాఫ్టై జీవితచక్రం గీసి, కాలు వాచిన బొమ్మ వేసి వదిలేస్తారు. ఆ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి రాత్రి పది దాటాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి, అది క్యూలెక్స్ కుట్టే వేళ. అందుకే రక్త పరీక్షకు రాత్రి వస్తారు. ఈ వేళల పొంతన ఎంత అద్భుతమో చెప్పు, దానితో పాటే ఆ కాలుతో బతికే మనిషి గురించి కూడా చెప్పు. పెళ్లిళ్లకు పోవడం మానేసిన ఆడవాళ్లు, పొలం పని వదులుకున్న మగవాళ్లు నీ విద్యార్థుల ఇళ్లలోనే ఉంటారు. వాచిన కాలు మళ్లీ మామూలు కాకపోవచ్చు. కానీ రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పుండ్లకు మందు రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుంటే జ్వరంతో వచ్చే వాపులు బాగా తగ్గుతాయి. ఇది నీ పిల్లలు ఇంటికి వెళ్లి చేసి చూపించగల పని. బోదకాలు బాధితులకు మన రాష్ట్రంలో ప్రభుత్వ పింఛను ఉంది, తెలియనివాళ్లకు చెప్పమను.

బోదకాలు రాకుండా ఏటా ఇచ్చే మాత్రల సంగతి కూడా తరగతిలో విడమరిచి చెప్పాలి. డీఈసీ (డైఇథైల్ కార్బమజైన్) మాత్ర మింగిన కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. మాత్ర చెడ్డదని ఊరంతా పాకి పోతుంది, తర్వాతి ఏడాది జేబులో వేసుకొని పోతారు గానీ మింగరు. రక్తంలో ఉన్న పురుగు పిల్లలు చావడం వల్లే ఆ జ్వరం వస్తుంది, అంటే ఆ మనిషిలో అవి ఉన్నాయన్నమాట. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు. మిగతావాళ్లంతా మింగితేనే దోమకు ఎక్కించుకోవడానికి పురుగు దొరకదు. ఆ మందు వెనక తెలుగువాడు ఉన్నాడని పిల్లలకు తప్పక చెప్పు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే 1940ల్లో దాన్ని వెలికితీసింది. మన పల్లెలో ఆశా కార్యకర్త చేతిలో ఉన్న మాత్రకు ఆయనతో ఉన్న సంబంధం తెలిస్తే పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

డెంగీ కాలంలో నిన్ను కూడా డాక్టరు అనుకొని ఫోన్లు చేస్తారు. వైద్యం చెప్పకు. చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటివి సొంతంగా వేసుకోవద్దు. మొదటి అయిదు రోజుల్లో వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను పట్టే ఐజీఎం పరీక్ష ఉపయోగపడతాయి. జ్వరం తగ్గిందని సంబరపడే రోజే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా దవాఖానకు పోవాలి. బొప్పాయి ఆకు రసం తాగుతూ ఇంట్లో కూర్చుంటే ఆ గంటలు పోతాయి. వీధుల్లో కొట్టే పొగ ఎగిరే దోమల్లో కొన్నిటిని చంపుతుంది గానీ తొట్టిలోని లార్వాను ముట్టదు, ఇంటి లోపల బట్టల వెనక దాక్కున్న ఈడిస్‌ను చాలావరకు తాకదు. పొగ బండి వచ్చింది కదా అని ఊరు నిశ్చింతగా ఉండటమే నాకు భయం. లార్వాలను తినే గంబూసియా చేపల విషయంలోనూ తొందర వద్దు. అవి అమెరికా నుంచి వచ్చినవి, చెరువులో వదిలితే మన చేపల గుడ్లను, పిల్లలను తింటాయి. పాడుబడ్డ బావికి, మూత వేయలేని సిమెంటు తొట్టికే వాటిని పరిమితం చెయ్యి.

నీళ్లలో పుట్టని కీటకాలను రెండు తరగతుల్లో ముగించవచ్చు, వదిలేయకూడదు. ఇసుక ఈగ గోడ పగుళ్లలో, పేడ కలిసిన తేమ మట్టిలో పుడుతుంది. 1965లో నాగ్‌పూర్ దగ్గర చండీపురలో గుర్తించిన వైరస్ 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో పసిపిల్లలను గంటల్లో తీసుకుపోయింది. దాన్ని మోసేది ఈ ఈగే అని భావిస్తారు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని అంటించేది పొదల్లో ఉండే మైట్ అనే అతి చిన్న జీవి పిల్ల. మైట్ కీటకం కాదు, సాలీడు వర్గానిది, పెద్దయ్యాక ఎనిమిది కాళ్లు ఉంటాయి. కుట్టేది ఆరు కాళ్ల పిల్ల దశ. ఆరు కాళ్లున్నాయి కాబట్టి కీటకమే అని ఎవరైనా వాదిస్తే వాళ్లకు మంచి మార్కులు వెయ్యి, చూసి మాట్లాడుతున్నారు కదా. వారం దాటినా తగ్గని జ్వరం, ఒంటి మీద ఎక్కడో నల్లటి పొక్కు ఉంటే స్క్రబ్ టైఫస్ కావచ్చని, త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుందని చెప్పు. గొర్రెల కాపరుల పిల్లలు నీ తరగతిలో చాలామంది ఉంటారు, వాళ్లకు ఇది ప్రాణం కాపాడే సంగతి.

ఇంకొక్క మాట. ఏడాది చివర నీ లెక్కలను ముందు ఆ ఊరికే చెప్పు. పత్రిక అచ్చు వేసేదాకా ఆగకు. గ్రామ సభలో పది నిమిషాలు అడిగి తీసుకో, ఏ నెలలో ఏ పాత్రల్లో ఎన్ని దోమలు పుట్టాయో తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక చార్టు మీద రాసి చూపించు, ఒక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవ్వు. ఎవరి ఇంట్లో ఏం దొరికిందో మాత్రం ఎక్కడా చెప్పకు. ఆ ఇంటి పేరు నీ పుస్తకంలో కూడా సంఖ్యగానే ఉండాలి.

నా దగ్గర ఉన్న దోమల పెట్టె ఒకటి ఈ వారంలో ఆర్టీసీ పార్సిల్‌లో పంపిస్తున్నాను. క్యులిసిఫేసిస్, స్టీఫెన్సై, రెండు క్యూలెక్స్‌లు, ఈడిస్‌లో ఈజిప్టై, ఆల్బోపిక్టస్ రెండూ ఉన్నాయి. ఈ చివరి రెండింటినీ పిల్లలు కలగాపులగం చేస్తారు. ఈజిప్టై వీపు మీద లైర్ అనే పాతకాలపు తీగల వాయిద్యం ఆకారంలో తెల్ల గీతలు, ఆల్బోపిక్టస్ వీపు మీద నడుమ ఒక్కటే తెల్ల గీత ఉంటాయని ముందే చూపించు. పెట్టెలో నాఫ్తలీన్ గోలీలు అయిపోవచ్చాయి, చేరగానే కొత్తవి వెయ్యి. సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి మళ్లీ నీలం అయ్యాక పెట్టు, లేకపోతే వానాకాలంలో బూజు పడుతుంది. పెట్టె అందగానే ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
నీ మేడం